పదకొండు రకాల మేత విత్తనాల ప్యాకెట్టు: ఏప్రిల్ దాటినవి మూడే

ఈ ప్యాకెట్టుకు ఐదుకు రెండున్నర మార్కులు. ముందే చెప్పేస్తే మిగతాది తీరిగ్గా చదువుకోవచ్చు. ఆ రెండున్నరలో రెండు మార్కులు చికోరీకి, అర మార్కు ఇసబ్‌గోల్ చుట్టానికి. ఆ చుట్టం ఎవరో కింద చెబుతాను.

మాది బెంగళూరుకు ఉత్తరాన రాజానుకుంటె దాటి దొడ్డబళ్ళాపురం వైపు వెళ్ళే దారిలో రెండున్నర ఎకరాల పొలం. నా పుట్టిల్లు హిందూపురం, అత్తగారిది బాగేపల్లి దగ్గర. అందుకని ఇంట్లో తెలుగు, పశువులతోనూ పనివాళ్ళతోనూ కన్నడం. ఏడు పాడి ఆవులున్నాయి, నాలుగు హెచ్ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకరం, మూడు జెర్సీ సంకరం. పొద్దుటి పాలు యలహంకలో రెండు అపార్ట్‌మెంట్లకు పోస్తాం, సాయంత్రం పాలు ఊళ్ళో డెయిరీకి. ఈ విత్తనాల గొడవ మొదలైంది అపార్ట్‌మెంట్ల దగ్గరే. "ఆంటీ, మీ ఆవులు బయట మేస్తాయా, కట్టేసి పెడతారా?" అని ఒకమ్మాయి లిఫ్ట్ దగ్గర నిలబెట్టి అడిగింది. కట్టేసే పెడతాం. బెంగళూరు చుట్టుపక్కల పాడి చేసేవాళ్ళలో ఎక్కువమంది అంతే. నేపియర్ గడ్డి కోసుకొచ్చి, చాఫ్ కట్టర్‌లో వేసి, రాగి గడ్డి కలిపి గాడిలో పోస్తాం. ఆ మాట చెప్పడానికి ఎందుకో నోరు రాలేదు. "త్వరలో బయట మేపుతామమ్మా" అనేశాను.

మా మరిది ఇంగ్లండులో డెవన్ వైపు నర్సుగా పనిచేస్తాడు. వాళ్ళ ఇంటి వెనకాలే పాడి పొలాలు. ఈ మాట చెప్తే ఫోన్‌లో పదిహేను ఫోటోలు పంపాడు. మోకాలెత్తు పచ్చిక, మధ్యలో నీలం పూలు, అందులో తల దూర్చి మేస్తున్న ఆవులు. "వదినా, ఇక్కడ దీన్ని హెర్బల్ లే అంటారు" అన్నాడు. హెర్బల్ అనగానే నాకు తలనూనె గుర్తొచ్చింది, కానీ ఇది వేరు. లే అంటే విత్తి, నాలుగైదేళ్ళు మేపి, మళ్ళీ దున్ని పంట పెట్టే పచ్చిక. అందులో మూడు జాతులు కలిపి చల్లుతారు. గడ్డి వైపు రైగ్రాస్, కాక్స్‌ఫుట్, తిమోతి. పప్పుజాతి వైపు తెల్ల క్లోవర్, ఎర్ర క్లోవర్, లూసర్న్, సెయిన్‌ఫాయిన్, బర్డ్స్‌ఫుట్ ట్రెఫాయిల్. ఇక ఆకు మొక్కల్లో చికోరీ, ప్లాంటెయిన్, బర్నెట్, యారో. పప్పుజాతి గాలిలోని నత్రజని పట్టి ఇస్తుంది కాబట్టి యూరియా అక్కర్లేదు. చికోరీ లాంటివి వేరు లోతుకు దించి కింది తడినీ ఖనిజాలనూ పైకి తెస్తాయి. గడ్డి పీచునిస్తుంది. 19వ శతాబ్దం చివర్లోనే స్కాట్లండ్ సరిహద్దులోని క్లిఫ్టన్ పార్క్ ఎస్టేటులో ఇలా వేసి చూశారట. తర్వాత చవక నత్రజని ఎరువులు వచ్చాక అందరూ ఒక్క రైగ్రాస్‌కే దిగిపోయారు. ఇప్పుడు ఎరువు ఖరీదైంది, ఏటి నీళ్ళలోకి నత్రజని దిగిపోతోందన్న గోల కూడా మొదలైంది, దాంతో మళ్ళీ పాత దారికొస్తున్నారు.

సూట్‌కేసులో రెండు కిలోలు పడేసుకుని వస్తానన్నాడు మరిది. వద్దన్నాను. విత్తనం దేశంలోకి తేవాలంటే 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి పర్మిట్టు కావాలి, విత్తనంలో చీడపీడలు లేవని అక్కడి ప్రభుత్వం ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్టు కావాలి. దొరికితే ఎయిర్‌పోర్టులో తలవంపులు. దొరక్కపోతే ఇంకా భయం. వయ్యారిభామ దిగుమతి గోధుమలతోనే వచ్చిందంటారు, ఈరోజుకీ మా గట్ల మీద దాన్ని పీకుతూనే ఉన్నాం. ఇంగ్లండు నుంచి ఇంకో వయ్యారిభామను నేనే పిలిచి పీట వేయాలా?

ఇక్కడే దొరుకుతుందేమోనని వెతికితే దొరికింది. బెంగళూరులో పేరున్న ఒక విత్తనాల షాపు, ఆన్‌లైన్‌లోనూ అమ్ముతారు. పేరు రాయను. కిలో ప్యాకెట్టు 1,380 రూపాయలు, ఎకరాకు పది కిలోలన్నారు. అర ఎకరానికి ఐదు కిలోలు, 6,900 అయింది. మా ఆయన బిల్లు చూసి ఏమీ అనలేదు. అనకపోవడమే ఆయన అనడం.

ఇక ప్యాకెట్టు. వెండి రంగు కవరు, మీద మంచుకొండల ముందు గంట కట్టుకున్న ఆవు. వెనకాల పదకొండు పేర్లు వరుసగా ఉన్నాయి. ఏది ఎంత శాతమో లేదు. మొలక శాతం లేదు, పరీక్ష చేసిన తేదీ లేదు, లాట్ నంబరు ఉండాల్సిన చోట చెరిగిపోయిన ముద్ర. మన దేశంలో ధ్రువీకరించిన విత్తనానికి నీలం ట్యాగు ఉంటుంది, కంపెనీ తన పూచీ మీద అమ్మే విత్తనానికి ఆకుపచ్చ లేబులు. ఆ ఆకుపచ్చ దాని మీద కూడా మొలక శాతం, శుద్ధత, పరీక్ష తేదీ ఉండాలి. ఈ కవరు మీద ఏ రంగూ లేదు, "బ్లోట్ సేఫ్" అని ఎర్ర అక్షరాలు తప్ప. అంటే దీన్ని మేస్తే కడుపుబ్బరం రాదని. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

నాకు అనుమానం ఎక్కువ. 20 గ్రాములు తూచి, స్టీలు పళ్ళెంలో పోసి, మనవడి భూతద్దం పెట్టుకుని, సూదితో ఒక్కో గింజా వేరు చేశాను. ఓ ఆదివారం మధ్యాహ్నం మొత్తం దానికే పోయింది. బియ్యంలో రాళ్ళు ఏరినవాళ్ళకు ఇది పెద్ద కష్టం కాదు. గింజలు తెలిస్తే చాలు. లూసర్న్ చిన్న చిక్కుడు గింజలా వంకర తిరిగి ఉంటుంది. తెల్ల క్లోవర్ ఆవగింజ కన్నా చిన్నది, పసుపు రంగు, గుండె ఆకారం. చికోరీ గోధుమరంగు ముక్క, ఒక చివర వెడల్పు, రెండో చివర సన్నం, ఉలి మొనలాగా. ప్లాంటెయిన్ గింజ మెరుస్తుంది, ఒక పక్క గుంట పడి పడవలా ఉంటుంది. అచ్చం ఇసబ్‌గోల్ గింజే. రెండూ ఒకే ఇంటి మొక్కలు మరి. నోట్లో నానబెడితే అలాగే జిగురొస్తుంది కూడా, వేసి చూశాను.

లెక్క తేలింది: రైగ్రాస్ 13 గ్రాములు. లూసర్న్ మూడున్నర. తెల్ల క్లోవర్ ఒకటి. చికోరీ గ్రాముకు కొంచెం తక్కువ. ప్లాంటెయిన్ అర గ్రాము లోపు. మిగిలింది పొట్టు, కాడ ముక్కలు, ఇసుక. మిగతా ఆరు పేర్లకు నాకు దొరికినవి చారెడు కాదు, చిటికెడు కాదు, వేళ్ళ మీద లెక్కపెట్టే గింజలు. అన్యాయంగా మాట్లాడకూడదు, కాబట్టి ఇదీ చెప్పాలి. తెల్ల క్లోవర్ గ్రాముకు దాదాపు 1,500 గింజలు తూగుతుంది, కాబట్టి ఒక్క గ్రాము అని చిన్నచూపు చూడొద్దు. చికోరీ కూడా తేలిక గింజే. బరువు చూసి కాదు, మొక్కలు లెక్కపెట్టి తిట్టాలి.

రైగ్రాస్‌ను మాత్రం నిర్మొహమాటంగా తిట్టొచ్చు. గింజ చివర సన్నటి ములుకు ఉంది. ఏళ్ళ తరబడి ఉండే పెరెన్నియల్ రైగ్రాస్ గింజకు ములుకు ఉండదు, ఒకటి రెండేళ్ళలో పోయే ఇటాలియన్ రకానికి ఉంటుంది. కవరు మీద రాసింది మొదటిది, లోపల పోసింది రెండోది. అదీ మూడింట రెండొంతుల బరువు! మిక్సుల్లో మోసం ఎక్కడ ఉంటుందంటే ఇక్కడే. పేరు గొప్పవి చిటికెడు, చవకది గుప్పెడు.

అయినా విత్తాను. కొన్నాక ఏం చేస్తాం. 

ప్యాకెట్టుతో వచ్చిన కరపత్రంలో "తొలకరికి విత్తండి" అని ఉంది, జూన్‌లో సగం విత్తనం చల్లాను. చిన్న గింజ సెంటీమీటరు కన్నా లోతుకు పోకూడదు. అదే కరపత్రంలో గుంటక తోలమన్నారు. మామగారు చదివించుకుని, "నువ్వులు చల్లినట్టు ఇసుకలో కలిపి చల్లమ్మా, పైన కంప లాగితే చాలు" అన్నారు. తుమ్మ కంప తాడుకు కట్టి లాగాం. మొలిచాయి, తప్పులేదు. కానీ జూన్‌లో వాటితోపాటు మొలిచేది తుంగ, గరిక, వయ్యారిభామ. వీటి ముందు క్లోవర్ ఎంత? పైగా ఇలాంటి కలగూర పచ్చికలో కలుపు మందు కొట్టే దారి లేదు. వెడల్పాకుల మందు కొడితే చికోరీ, క్లోవర్ పోతాయి, గడ్డి మందు కొడితే రైగ్రాస్ పోతుంది. ముగ్గురు ఆడవాళ్ళతో రెండుసార్లు కలుపు తీయించి, మూడోసారి చేతులెత్తేశాను. ఆ పావు ఎకరం దున్నేశాం.

రెండో సగం అక్టోబరులో వేశాను, అది కూడా నా తెలివి కాదు. ఇవన్నీ చలిదేశపు మొక్కలు, మన దేశంలో లూసర్న్, బర్సీమ్ (ఇదీ ఒక క్లోవర్ మేతే) విత్తేది ఎప్పుడు? అక్టోబరు, నవంబరుల్లో. అదే లెక్క వీటికీ పడుతుందని హెసరఘట్ట పశుగ్రాస కేంద్రంలో ఒకాయన ఒక్క ముక్కలో చెప్పాడు. సెప్టెంబరు వానలకు కలుపును మొలవనిచ్చి, దున్ని, మళ్ళీ మొలవనిచ్చి, మళ్ళీ దున్ని, అప్పుడు చల్లాను. మాది ఎర్ర నేల, మట్టి పరీక్షలో కాస్త పులుపు వైపు తేలింది. లూసర్న్‌కు పులుపు నేల పడదు, అందుకని నెల ముందే సున్నం వేశాను. రైజోబియం, అంటే పప్పుజాతి వేళ్ళలో చేరి నత్రజని పట్టే సూక్ష్మజీవి, అది కూడా పట్టించాను, బెల్లం నీళ్ళలో కలిపి గింజలకు రాసి నీడన ఆరబెట్టి. ఇక్కడ ఒక మాట. అలసందకు వాడే ప్యాకెట్టు లూసర్న్‌కు పనికిరాదు, లూసర్న్‌ది క్లోవర్‌కు పనికిరాదు. దేని సూక్ష్మజీవి దానిదే. షాపులో అడిగితే "ఏదైనా ఒకటే మేడమ్" అన్నారు.

ఈసారి బాగా లేచింది, కాదనను. డిసెంబరు మొదట్లో చూస్తే కడుపు నిండిపోయింది. చికోరీ ఆకు ముల్లంగి ఆకులా నేలకు పరుచుకుని పెరుగుతుంది, ప్లాంటెయిన్ ఆకు సన్నగా, నిలువునా ఐదు ఈనెలతో. దాన్ని మధ్యలో తుంచి మెల్లగా లాగితే రెండు ముక్కలూ విడిపోవు, ఈనెలు దారాల్లా సాగి వేలాడతాయి. మా దగ్గర పాలు పితికే తాత చేత్తో పట్టుకుని తిప్పి చూసి, "అక్కా, ఇదు హుల్లల్ల, సొప్పు" అన్నాడు. గడ్డి కాదట, ఆకుకూరట. నిజమే. తాలింపు వేస్తే తినేలా ఉంది.

మేపడానికి సోలార్ ఫెన్స్ తీగతో పావు ఎకరాన్ని ఎనిమిది మళ్ళుగా విడగొట్టాను. మేపే రోజున ఒక్కటే మడి, రెండు గంటలు. బెత్తెడు ఎత్తు మిగలగానే బయటికి తోలేయాలి, మళ్ళీ ఆ మడిలోకి నాలుగు వారాల దాకా కాలు పెట్టనివ్వకూడదు. చికోరీ మొదలు నేలమట్టాన ఉంటుంది, తడి నేలలో గిట్ట పడితే నలిగి కుళ్ళిపోతుంది. వాన పడిన రోజు మేపు లేదు.

మొదటిరోజు ఏడు ఆవులూ తీగ దాటి లోపలికొచ్చి నిలబడిపోయాయి. పుట్టి బుద్ధెరిగాక గాడిలోనే తిన్నవి, నేల మీద తిండి ఉంటుందని వాటికి తెలియదు. గౌరి అని మా పెద్దావు, పోలికలో వాళ్ళమ్మ లాగే తిండిపోతు, అది మొదట రైగ్రాస్ వాసన చూసి వదిలేసింది. ప్లాంటెయిన్ ఒకటి కొరికింది. తర్వాత తల ఎత్తలేదు.

సరే, ఇప్పుడు గొడవలు. నలభయ్యో రోజు అనుకుంటా, మూడో మడిలో లూసర్న్ మీద పసుపు దారాలు అల్లుకుని కనిపించాయి. ఎవరో నూలు ఉండ విప్పి పారేసినట్టు. బంగారు తీగ! ఆకు లేదు, వేరు లేదు, లూసర్న్ కాడలోకి ముక్కు దూర్చి రసం పీల్చి బతుకుతుంది. విత్తనం వెంబడే వస్తుంది, దాని గింజ లూసర్న్ గింజతో కలిసిపోతుంది కాబట్టి కంటికి ఆనదు. నా భూతద్దానికీ ఆనలేదు. ధ్రువీకరించిన లూసర్న్ విత్తనంలో దీన్ని ప్రత్యేకంగా వెతుకుతారు, నీలం ట్యాగుకు డబ్బు పెట్టేది అందుకే. తీగ ఒక్కదాన్నే పీకితే లాభం లేదు, ముక్క మిగిలితే మళ్ళీ అల్లుకుంటుంది. చుట్టూ జానెడు జాగా వదిలి లూసర్న్‌తో సహా నేలమట్టంగా కోసి, అక్కడే కొబ్బరి మట్టలు వేసి కాల్చాం. నాలుగు చోట్ల అలాంటి నల్ల మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి.

పనిలో పని ఇంకో విచిత్రం చెప్పాలి. ఉత్తరాదిలో బర్సీమ్ విత్తనంలో ఉండకూడని కలుపు గింజల్లో చికోరీ ఒకటి, అక్కడ కాసనీ అంటారు. పంజాబు రైతు జల్లెడ పట్టి పారేసే గింజను నేను కిలో 1,380 లెక్కన కొన్నానన్నమాట. ఇంకా పైకి పోతే, మన ఫిల్టర్ కాఫీలో కలిసే చికోరీ కూడా ఈ మొక్క వేరే, వేయించి పొడి కొట్టింది. కాకపోతే వేరు కోసం పెంచే రకం వేరు, మేత కోసం ఆకు పెంచే రకం వేరు. మామగారు ఇది విన్నప్పటి నుంచి పొద్దున కాఫీ తాగుతూ, "మీ ఆవులకు తగ్గకుండా నాకు వేశావా?" అని అడుగుతున్నారు.

ఇక ఆ ఎర్ర అక్షరాల సంగతి. జనవరిలో ఒక పొద్దున పని అబ్బాయి రాలేదు, నేను పాలకు యలహంక వెళ్ళాను. మా వాళ్ళు ఆవులకు రాగి గడ్డి వేయకుండానే మంచు తడి ఆరకముందే మడిలోకి తోలారు. ఆ మడిలో లూసర్న్, క్లోవర్ దట్టంగా ఉన్నాయి. నేను తిరిగొచ్చేసరికి తార అనే ఆవు ఎడమ డొక్క డోలులా ఉబ్బి, నోరు తెరుచుకుని నిలబడి ఉంది. డాక్టరుకు ఫోన్ చేసి, ఆయన చెప్పినట్టే పావు లీటరు వేరుశనగ నూనె చెంప పక్క నుంచి కొంచెం కొంచెంగా పట్టించాం. తల పైకెత్తి గడగడా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అది ఇంకో చావు. డాక్టరు వచ్చేదాకా ఆ నలభై నిమిషాలు నాకు పట్టిన టెన్షన్ ఈ రివ్యూలో పట్టదు. బతికింది.

తర్వాత కూర్చుని ఆలోచిస్తే ఆ బ్లోట్ సేఫ్ గుట్టు అర్థమైంది. తడి లూసర్న్, క్లోవర్ ఖాళీ కడుపులో పడితే లోపల నురగ కట్టి గాలి బయటికి రాదు. సెయిన్‌ఫాయిన్, బర్డ్స్‌ఫుట్ ట్రెఫాయిల్‌లో టానిన్లు ఉంటాయి, వగరు అంటామే అది, అవి ఆ నురగను కట్టనివ్వవు. ఇంగ్లండు మిక్సులో ఆ రెండూ సరిపడా ఉంటాయి కాబట్టి అక్కడ ఆ మాటకు కాస్త అర్థముంది. ఈ ప్యాకెట్టులో ఉబ్బరం తెచ్చేవి నిండా ఉన్నాయి, ఆపేవి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. సెయిన్‌ఫాయిన్‌కు సున్నపు నేల కావాలి, మా ఎర్ర మట్టిలో మొలిచిన ఆ నాలుగూ పసుపెక్కి పోయాయి. పేరు కవరు మీద ఉంటే గుణం ఆవు కడుపులోకి వస్తుందా! ఇప్పుడు మా ఇంట్లో రూలు ఒకటే. ముందు గాడిలో రాగి గడ్డి తినాలి, ఎండ పొడిచి మంచు ఆరాలి, అప్పుడే తీగ తీయాలి.

పాల సంగతి చాలామంది అడుగుతారు. మేపు మొదలుపెట్టాక దాణా ఒక్కో ఆవుకు రోజుకు కిలో చొప్పున తగ్గించాను, పాలు తగ్గలేదు. పేడ మొదట పల్చబడింది. డెయిరీలో వెన్న శాతం నాలుగు నుంచి మూడు పాయింట్ ఏడుకు దిగింది. లేత ఆకు మేపులో పీచు తక్కువ, పీచు తగ్గితే వెన్న తగ్గుతుంది. రాగి గడ్డి ముందు వేయడం మొదలయ్యాక మళ్ళీ నాలుగుకు వచ్చింది. రుచి మారిందా అంటే, అపార్ట్‌మెంట్‌లో ఆ అమ్మాయి "ఆంటీ, పాలు చాలా నేచురల్‌గా ఉన్నాయి" అంది. అప్పటికి ఇంకా మేపు మొదలుపెట్టలేదు.

ఎవరైనా నాలుగు ఎకరాల నేపియర్ తీసేసి ఇది వేద్దామనుకుంటే ఈ లెక్క చూసుకోండి. నాలుగు వందల కిలోల పాడి ఆవుకు రోజుకు దాదాపు 12 కిలోల ఎండు పదార్థం కావాలి. చికోరీ ఆకులో నూటికి పది, పన్నెండే ఎండు పదార్థం, మిగతాదంతా నీళ్ళు. అంటే ఒక్క చికోరీతో కడుపు నింపాలంటే రోజుకు క్వింటాలు ఆకు తినాలి. ఇది పక్కన నంజుకునే కూర, అన్నం కాదు. మా ఆవులకు అన్నం ఇప్పటికీ నేపియరూ రాగి గడ్డే.

ఏప్రిల్ వచ్చింది. ఐదు రోజులకోసారి స్ప్రింక్లర్ పెట్టాను, బోరు ఇచ్చినంత. రైగ్రాస్ మార్చి మూడో వారానికే గోధుమ కళ్ళం రంగుకు తిరిగి పడిపోయింది. తిమోతి, కాక్స్‌ఫుట్ అసలు పుట్టాయో లేదో దేవుడికెరుక. ఎర్ర క్లోవర్ కాడలు మిగిల్చి పోయింది. తెల్ల క్లోవర్ కుళాయి కింద, ఆవులు నీళ్ళు తాగే తొట్టి పక్కన చాపంత మిగిలింది. ఊటీలో అయితే రోడ్డు పక్కన కూడా పెరుగుతుంది, అక్కడి చల్లదనం వేరు. మా దగ్గర నిలబడ్డవి మూడు. లూసర్న్, చికోరీ, కాస్త వాడిన మొహంతో ప్లాంటెయిన్. చికోరీ మాత్రం నన్ను ఆశ్చర్యపరిచింది. మధ్యాహ్నం తల వేలాడేసి, తెల్లారేసరికి మళ్ళీ నిలబడేది. ఒక మొక్క తవ్వి చూశాను. మూరెడు లోతు తవ్వినా వేరు చివర దొరకలేదు, పార విరుగుతుందని ఆపేశాను.

అందుకే మళ్ళీ మిక్సు కొనను, మిక్సు కలుపుతాను. దున్నేసిన ఆ మొదటి పావు ఎకరంలో ఈ జూన్‌లో మన వేడికి పుట్టినవి వేస్తున్నాను. హెసరఘట్ట నుంచి దశరథ గడ్డి, స్టైలో (రెండూ పప్పుజాతి మేతలే) విత్తనం తెచ్చాను, గినీ గడ్డి పిలకలు తెచ్చాను. ధర చూస్తే నవ్వొచ్చింది, ఆ వెండి కవరు ఒక్కదాని డబ్బుతో మూడూ వచ్చేశాయి. దశరథ గడ్డి గింజకు పెంకు గట్టి, అట్లాగే చల్లితే ఏడాదికి మొలుస్తుంది. మరిగి కాస్త చల్లారిన నీళ్ళలో, 80 డిగ్రీల వేడి దగ్గర, ఐదు నిమిషాలు ఉంచి, రాత్రంతా చన్నీళ్ళలో నానబెట్టాలి. స్టైలోకూ దాదాపు అదే మర్యాద. మధ్యలో అలసంద చల్లుతాను, తొలి రెండు నెలలు నేల కప్పడానికి. జొన్న మాత్రం మేపు మడిలో వేయను, లేత జొన్నలో సైనైడు విషం ఉంటుంది, ఆవు నోటికి లేతది పాతది తేడా తెలియదు. అక్టోబరులో గినీ గడ్డి వరుసల మధ్య లూసర్న్, చికోరీ విడిగా కొని వేస్తాను, లూసర్న్ నీలం ట్యాగు ఉన్నదే. ప్లాంటెయిన్ విడిగా ఎక్కడా దొరకలేదు, ఉన్న మొక్కలే కొన్ని కంకి వేశాయి, వాటి గింజలు దులిపి డబ్బాలో పెట్టాను.

షాపువాళ్ళకు ఫోన్ చేశాను. బంగారు తీగ ఫోటోలు, పళ్ళెంలో కుప్పల ఫోటో, అన్నీ పంపాను. ఫోన్ తీసిన అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు. "సమ్మర్‌లో అంతే మేడమ్, ఫారిన్ వెరైటీ కదా" అన్నాడు. శాతాలు ఎందుకు రాయలేదంటే అది కంపెనీ సీక్రెట్ అట. డబ్బు వెనక్కి ఇవ్వరు. కానీ వారం తర్వాత కొరియర్ వచ్చింది, నష్టపరిహారంగా అదే మిక్సు ఇంకో కిలో, ఉచితంగా.

దాన్ని విప్పలేదు. కోళ్ళకు వేద్దామని తాత అన్నాడు, ఆవులకు దాణాలో కలుపుదామని మా ఆయన అన్నారు. బంగారు తీగ గింజ కడుపులో అరగదు, పేడతో మళ్ళీ పొలంలోకే వస్తుంది. పొద్దున స్నానాల నీళ్ళకాగు కింద పొయ్యిలో పోశాను. రైగ్రాస్ పొట్టు కదా, బాగానే మండింది.